యాభై రెండు చుట్లు

గాడికి యాభై రెండు చుట్లు.
యాభై ఒకటైతె మోటరు మొరాయిస్తదని కాదు,
యాభై ఒకటైతె రజబలి చాచ పట్టుకుంటడు.
చెవి ఆనిచ్చి, కండ్లు మూసుకొని
"ఇది ఆకలిమీదున్నది బిడ్డా" అనేటోడు.
విప్పి చూస్తె నిజంగనే ఒక చుట్టు తక్కువ.

మడికొండ షెడ్డుల పద్దెనిమిదేండ్లు
రాగి తీగె గుంజి గుంజి
నా చూపుడువేలికి గాడి పడ్డది.
అన్నం కలిపితె అండ్ల పప్పు నిలుస్తుండె.
పదకొండుమందిమి ఆడోళ్లం,
తీగెల కట్టకు దారం కట్టేటప్పుడు
ఒక్కొక్కరిది ఒక్కో ముడి.
సాంబలక్ష్మిది జడ ముడి.
నాది రెండు పేటలది, కొస లోపలికి మడిచేది.
మూత బిగించినంక ఎవ్వరికీ కానరాదు,
కాలిపోతె తప్ప.

కంపెనీ అమ్ముడువోయిన సంగతి
మాకు మిఠాయి డబ్బతోని తెలిసింది.
మనిషికి నాలుగు సోంపాపిడి ముక్కలు, ఒక నీలి టోపి.
సేటు కొడుకు మైకు పట్టుకొని
"మన కుటుంబం పెద్దగైంది" అన్నడు.
కుటుంబం పెద్దగైతె
కంచాలెందుకు తగ్గుతయని అడగాల్సింది.
సోంపాపిడి గొంతుల పట్టుకున్నది.

పుణె నుంచి ఇద్దరు పిలగాండ్లొచ్చిండ్రు,
గడియారం పెట్టి మా వేళ్లను కొలిచిండ్రు.
మంచోళ్లే. నీళ్లడిగి తాగిండ్రు.
ఒకడు నా డబ్బలోని సర్వపిండి తిని
హిందీల మెచ్చుకున్నడు,
నూనె చేతిని తుడుచుకొని
అదే చేత్తోని రాసిండు: నలభై నాలుగు చాలు.

గాడికి ఎనిమిది చుట్లు.
మోటరుకు ఇరవై నాలుగు గాళ్లు.
నెలకు రెండువేల మోటర్లు.
ఏడికి పోయిందో ఆ రాగంత.

తర్వాత రాగే పోయింది.
కొత్త తీగె ఎర్రగనే వచ్చింది, రాగికంటె ఎర్రగ.
గోటితోని గీరితె
లోపల తెల్లగ నవ్వింది.

రజబలి చాచ జాగల మిషిను పెట్టిండ్రు.
పచ్చ లైటు వెలిగితె పాసు.
చాచ చెవిని ఏ పద్దు కింద రాయాలెనో
వాళ్లకు దొరకలె.
ఆయన పోయిన రోజు
షెడ్డుల ఒక్క మోటరు ఫెయిలు కాలేదు.

మాకూ లెక్క కట్టి ఇచ్చిండ్రు.
ఎగ్గొట్టలేదు, అబద్ధమెందుకాడాలె.

ఆ పైసలతోనే పరకాల అంగడి రోడ్డుల రేకుల షట్టరు.
బోర్డు మీద నా పేరు రాయించలె.
"ఇచ్చట మోటర్లు చుట్టబడును", గంతే.

యాసంగి నాట్లు పడ్డయంటె
ట్రాలీల, ఆటోల, బండి వెనక కట్టుకొని
నీలిగంగలన్నీ నా కాడికే.
అదే నీలి రంగు, అదే అల బొమ్మ,
కింద చిన్నగ: నమ్మకానికి నలభై ఏండ్లు.
నడికూడ మొండయ్యది మూడోసారి.
వరి పొట్టకొచ్చి ఉన్నది.
ఫోన్ల ఎవరో ఆడపిల్ల తెలుగుకు రెండు నొక్కమన్నదట.
నొక్కిండట.
"నా మడి ఎండుతున్నది తల్లీ" అంటె
పాట పెట్టిందట.
ఆ పాట ఆయనకు కంఠతా వచ్చింది,
నా స్టూలు మీద కూసోని
ముక్కుతోని తీసి వినిపిస్తడు.

మూత విప్పుత. మాడిన వాసన.
లోపల ముడి ఉండది, మిషిను కోసిన కొసలు.
చుట్టుకూలి మూడువేల ఐదొందలు.
నన్ను తీసేసినోళ్ల తప్పు మీదనే
నా ఇంట్ల పొయ్యి వెలుగుతున్నది.
రేపు వాళ్లకు బుద్ధొచ్చి రాగి పెడితె
నేను షట్టరు గుంజాలె.
ఈ మాట మొండయ్య మొకం చూసి అనరాదు.

మొన్న శాయంపేట నుంచి ఒక ముసలి మోటరు.
తుప్పు, నాచు.
పిడుగు వడి కాలిందట,
ఇరవై ఒక్క ఏండ్లల్ల ఇదే మొదలట.
విప్పితె
జడ ముడి.

దారం బొగ్గయింది గని
ముడి ముడిగనే ఉన్నది.

సాంబలక్ష్మికి ఫోను చేసిన. ఎత్తలె.
హన్మకొండ మాలుల ట్రాలీలు తోస్తది,
డ్యూటీల ఫోన్లు గుంజుకుంటరు.

కత్తెర పట్టుకొని ఎంతసేపు కూసున్ననో,
పని నేర్చుకునే పోరడు తీగె చుట్ట తెచ్చి
"అక్కా, దీనికెన్ని?" అన్నడు.

ముందు పాతది విప్పి లెక్కవెట్టు, అన్న.
నిమ్మళంగ.
ఊదకు.