మూడో కన్నం

రిచీ స్ట్రీట్‌లో కుర్రాడు అడాప్టర్ చేతిలో పెట్టి
"పదిహేను వోల్టులు, నూట ఎనభై" అన్నాడు.
అరచేతిలో ఆడించి చూశాను. బరువే లేదు.
ఎండిన చింతకాయలా లోపలేదో గలగలమంది.

ఇంట్లో ఉన్నదీ అలాంటిదే.
హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే చాలు,
మనుషుల కంటే ముందు అది మొదలుపెడుతుంది:
పక్క గదిలో ఎవరో నోరు మూసుకుని
ఊపిరి తీసుకోకుండా పలికే ఒకే అక్షరం.

నా పని కోర్టు వాంగ్మూలాలు విని టైపు చేయడం.
సాక్షి ఆగిన చోట "మౌనం" అని రాయాలి,
ఎన్ని సెకన్లో కూడా.
మూడేళ్ళుగా రాసిన మౌనాల్లో
ఒక్కటీ నేను విన్నది కాదు.

మీరాన్ సాహిబ్ వీధిలో, మేడమెట్ల కింద
ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే ఎతిరాజులు గారు
వోల్టులు అడగలేదు.
"ఏమి వింటావు దీంట్లో?" అన్నారు.
చెప్పాను. నవ్వలేదు.

రాగితీగ చుడుతున్నారు, లెక్క పెదవుల మీద.
ఆరువందల పన్నెండు దగ్గర టీ వచ్చింది.
తాగి, గ్లాసు పక్కన పెట్టి
ఆరువందల పదమూడు నుంచి అందుకున్నారు.
అయ్యాక కరెంటిచ్చి
స్క్రూడ్రైవర్ మొన ఇనుముకు ఆనించి
పిడి దవడ ఎముకకు పెట్టుకున్నారు.
కుడిచెవి పోయి ఇరవై ఏళ్ళట.
"చెవికి మొహమాటం ఉంటాది. ఎముకకు లేదు."
మళ్ళీ బిగించి, వార్నిష్‌లో ముంచి
ఎల్లుండి రమ్మన్నారు.

కెపాసిటర్లు పెద్దవి కొనమన్నారు.
"మీ వీధికి నీళ్ళ లారీ వస్తాది కదా,
వచ్చినప్పుడు పొర్లిపోతాది, పోతే చుక్క ఉండదు.
బిందెలు నింపి పెట్టుకున్నోళ్ళకు
లారీ ఎప్పుడొచ్చిందో కూడా తెలీదు.
ఈ లారీ సెకనుకు నూరు సార్లు వస్తాది, అంతే."

మూడువేల నాలుగువందలు.
టంకం పొగ కళ్ళలోకి, రెండు వేళ్ళు బొబ్బలెక్కి,
ట్రిప్లికేన్‌లో మూడో అంతస్తులో
రాత్రి పదకొండుకు స్విచ్ వేశాను.

తగ్గింది. కొంచెమే.
పెట్టిన డబ్బుకు మర్యాద చేసినట్టు.

పొద్దున్నే ఫోన్ చేస్తే
"ఆంప్లిఫయర్ డబ్బా మీద చెయ్యి పెట్టు" అన్నారు.
పెట్టాను. రొద పోయింది.
"తియ్యి."
వచ్చింది.
"మెయిన్ ఆపి గోడలో మూడో కన్నం వెనక చూడు."

రెండు తీగలున్నాయి.
మూడో కన్నం వెనక
సిమెంటు పొడి, సాలెగూడు,
కట్టినవాడి తొందర.

ఓనరు మరగదం అమ్మను అడిగితే
"ఎర్తా? ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ అడగలేదే" అంది,
ఆమె స్థలంలో నేను వాటా అడిగినట్టు.
ఖర్చు నాదేనన్నాక ఒప్పుకుంది.

స్కూటీ నిలిపే చోట దేవసహాయం గొయ్యి తవ్వాడు.
గొట్టం దించి
బొగ్గూ ఉప్పూ, బొగ్గూ ఉప్పూ
ఊరగాయ జాడీ నింపినట్టు కూరాడు.
ఆకుపచ్చ తీగ మూడంతస్తులెక్కి
నా బల్ల కిందికొచ్చింది.

ఆ రాత్రి ఫైలులో ప్రశ్న:
"తలుపు ఎవరు తీశారు?"
పద్నాలుగు సెకన్లు.
కుర్చీ కిర్రుమంది.
గాజులు బల్లకు తగిలి, వెంటనే
వాటిని ఎవరో పట్టి ఆపారు.
ఒక గుటక.
తర్వాత పెదవులు విడిన చప్పుడు,
మాట మాత్రం లేదు.

"మౌనం" అని కొట్టి, చెరిపి,
మళ్ళీ కొట్టాను. రూల్సులో
గుటకకు మాట లేదు.
పాత ఫైళ్ళు పదకొండు వందలు.
వాటిని తెరవలేదు, ఇంకా.

ఎండాకాలం గొయ్యి ఎండితే
రొద తిరిగొస్తుందట.
అందుకని ఆదివారం ఆదివారం
లారీ నీళ్ళలోంచి ఒక బిందె దానికి.
వరండాలోంచి మరగదం అమ్మ
వంగి చూసి అడుగుతుంది,
"అక్కడేం నాటావు?"