నలభై ఒకటో పేజీ

డాబాగార్డెన్స్‌లో జిరాక్సు షాపు పైన
ఒక గది, ఒక ఫ్యాను,
"టెండర్లు తయారు చేయబడును" అని ఒక బోర్డు.
బోర్డు మీద నా పేరు లేదు.
నేను రాసిన దేని కిందా ఉండదు.

గరికిన ఎల్లాజీ వచ్చేటప్పటికి మూడు రోజులే గడువు.
హార్బరు టగ్గుల అడుగున పట్టిన గుల్లల్ని, నాచుని
నీళ్ళలో మునిగి గీకే పని. ఏడాది కాంట్రాక్టు.
ధరావతుకి పాత బోటు ఇంజను అమ్మేశాడట.
ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పనే,
వేరేవాళ్ళ పేరు మీద.

అనుభవానికి రుజువేదీ అన్నాను.
చేతులు చూపించాడు.
స్కాన్ చేసి జతపరిచే వీలే ఉంటే
రెండు వైపులా చేసేదాన్ని.

"పని విధానం" అని ఒక అనుబంధం ఉంటుంది.
నువ్వు చెప్పు, నేను రాస్తాను అన్నాను.
"ఏటుందమ్మా, ముందు ఓడకి సెయ్యానిస్తాను.
వొణుకుతున్నాదనుకో, దిగను.
పంకా సచ్చిందని తెలిసినాకే దిగుతాను."
టైపు చేశాను:
చోదక యంత్రము పూర్తిగా నిలిచినట్లు
నిర్ధారించుకొనిన పిమ్మట మాత్రమే పని ప్రారంభించబడును.

"పైన మా బావమరిది పోలిరాజు తాడట్టుకుంటాడు.
రెండుసార్లు లాగితే బాగున్నాననీసి,
మూడుసార్లు లాగితే పైకి లాగీమనీసి."
ఉపరితల పర్యవేక్షకునితో నిరంతర సంకేత వ్యవస్థ.
చదివి వినిపిస్తే
పోలిరాజుకి ప్రమోషనొచ్చిందని పడి పడి నవ్వాడు.

మరి అడుగున కనబడుతుందా?
"హార్బరు నీలు గదమ్మా. బొగ్గుధూళి, ఇనపధూళి.
కల్లు తెరిసినా మూసినా ఒకటే.
సేత్తోనే సూత్తాం."

స్పర్శాధారిత తనిఖీ, అని కొట్టాను.
చెరిపాను.
ఇంకోలా కొట్టి అదీ చెరిపాను.
కింద జిరాక్సు మిషను ఎవరి ఆధార్ కార్డో తిప్పుతూనే ఉంది.
ఆఖరికి నలభై ఒకటో పేజీ, మూడో పేరాలో
అడుగున చేత్తోనే చూస్తాం
అని ఉంచేశాను.

మర్నాడు పెద్ద కారులోంచి ఒకాయన దిగాడు.
అదే టెండరు. ఇంకెవరైనా వేస్తున్నారా అని
మాటల మధ్యలో, ఊరికే అన్నట్టు.
టేబులు మీద ఎల్లాజీ రేట్ల కాగితం.
దాని మీద టీగ్లాసు పెట్టాను.
రెండు కవర్ల పద్ధతి మాది: సాంకేతికం ఒకటి, ధర ఒకటి.
మూడోది నా నోరు.
దాన్ని తెరిచే తేదీ ఏ ప్రకటనలోనూ వెయ్యరు.
ఖాళీ లేదండీ అన్నాను.
కాసేపు ఫ్యాను చప్పుడు విని వెళ్ళిపోయాడు.

గురువారం మూడింటికి ముగింపు.
రెండు నలభై ఏడుకి కరెంటు పోయింది.
ఎల్లాజీ ఫోన్లోంచి నెట్టు తీసుకుని, డిజిటల్ సంతకం పెట్టి,
రెండు యాభై ఎనిమిదికి రసీదు నంబరు.
అరచేతిలో పెన్నుతో రాసుకున్నాడు.
తడిస్తే పోతుంది కదయ్యా అంటే
"మీకాడుంది గదమ్మా" అన్నాడు.

పదకొండు రోజులైంది. ఇవాళ మెయిలొచ్చింది:
పేజీ 41, పేరా 3. వివరణ ఇవ్వగలరు.
నలభై ఎనిమిది గంటల్లోగా.

ఎల్లాజీకి ఫోను చేస్తున్నాను.
మోగుతోంది
ఏ జెట్టీ మీదో, విప్పి పెట్టిన చొక్కా జేబులో.
పోలిరాజు పక్కనే ఉంటాడు, కానీ ఎత్తడు.
రెండు చేతులా తాడుంటుంది.