బరువు చెప్పు ముందు

నాలుగంగుళాలు లేపాలన్నాడు కజొందుంగె,
వచ్చీరాగానే, ఇంజన్ ఆపకుండానే.
ఫోన్లో బొమ్మ చూపించాడు.
ఏ దేశానిదో, మట్టి అంటని బండి,
బండరాయి మీద ఒక చక్రం ఎక్కించి
చచ్చిన సింహం పక్కన వేటగాడిలా నిలబడింది.

ఎడ్లు అమ్మిన డబ్బు జేబులో వేడిగా ఉంది వాడికి.

నా షెడ్డు ఒపువోలో, పెట్రోలు బంకు వెనక.
ఉత్తరానికి వెళ్లేవాళ్లు ఇక్కడ టైర్లలో గాలి తగ్గించుకుంటారు.
తిరిగొచ్చేవాళ్లు విరిగినవి దింపుకుంటారు.
ఆ విరిగినవి చూసే నేర్చుకున్నాను ఈ పని.

"ఎత్తు తర్వాత. బరువు చెప్పు ముందు."
"బరువేముంది? నేనూ, ఓ నీళ్ల క్యానూ."

అందరూ ఇదే చెప్తారు.
"వెళ్లి, నిజంగా ఏమేం వేస్తావో
అన్నీ వేసుకునిరా" అన్నాను.

ఎండ వాలాక వచ్చాడు.
డీజిల్ క్యాన్లు రెండు, స్టెప్నీలు రెండు,
మొక్కజొన్న పిండి బస్తాలు నాలుగు,
పార, గొలుసు, జాకీ,
ఒక మేక (ఇది ఇవాళ్టికే అన్నాడు),
ముందు సీట్లో వాళ్ల అమ్మమ్మ కసూకో,
నేల జీరాడే గౌనులో,
ఆవుకొమ్ముల్లా రెండు పక్కలకీ సాగిన తలకట్టుతో,
తలుపులో పట్టక కాస్త ఏటవాలుగా కూర్చుని.

పశువుల సంతలో కాటా ఎక్కించాం.
వెనక ఇరుసు దగ్గర అంకె చూసి
వాడు మేకవైపు చూశాడు, తప్పంతా దానిదే అయినట్టు.

అప్పుడు చెప్పాను.
నాలుగంగుళాలు కొంటే నాలుగుతో పోదురా.
బ్రేకు పైపు చాలదు, కొత్తది కావాలి.
ప్రొపెల్లర్ షాఫ్టు మెడ విరుచుకుని తిరుగుతుంది.
స్టీరింగు తాగినవాడిలా దారి వెతుక్కుంటుంది.
వాన్ జైల్ కనుమలో దిగేటప్పుడు, రాయి పక్కకి జారితే,
ఎత్తున్న బండే ముందు ఒరుగుతుంది.
రెండు చాలు. బరువు మోసే పట్టీలు వెనక,
ముందు కొంచెం మెత్తటి కాయిల్.
ఖాళీగా వెళ్తే ఎగరేస్తుంది, తిట్టుకుంటావు.
నిండుకుండ తొణకదు, అంతే.

"షాకులు ఎర్రవా, నీలంవా?"

స్ప్రింగుకి మరపు లేదు.
తిన్న దెబ్బ దాచుకుని
మరుక్షణం తిరిగిచ్చేస్తుంది,
మళ్లీ, మళ్లీ, పాత పగలాగా.
దాన్ని ఊరుకోబెట్టేది షాకు.
లోపల నూనె సన్నటి కంతల్లో దూరి దూరి
ఆ ఊపునంతా వేడిగా మార్చి గాలికి వదిలేస్తుంది.
మూడు గంటలు గతుకుల రోడ్డు మీద పోయి
చెయ్యి పెట్టి చూడు, చర్మం ఊడొస్తుంది.
రంగు అడక్కు. నూనె ఎంత పడుతుందో అడుగు.

రెండు రోజులు పట్టింది.
ఒక బోల్టు తుప్పుతో కలిసి కాపురం చేస్తోంది,
దాన్ని విడదీయడానికే ఒక పూట.
పాత పట్టీలు నేల మీద పరిచాను.
వంపు లేదు వాటికి, పడుకున్నాయి
బల్లల్లాగా.

ఎండిన ఏటిదాకా నడిపి చూశాం, సామానంతటితో.
కసూకో అమ్మమ్మ ముందు సీటు వదల్లేదు.
పాతవాటితో తన తలకట్టు కప్పుకి
తొమ్మిదిసార్లు తగిలిందట, లెక్కపెట్టుకుంది.
ఇవాళ రెండు.
"మొదటిది గొయ్యి," అంది దిగుతూ,
"రెండోది వీడి తొందర.
దానికి నీ దగ్గర సామాను ఉందా?"

లేదన్నాను.

కజొందుంగె బండి చుట్టూ తిరిగాడు,
వంగి చూశాడు, వెనక్కి నడిచి చూశాడు.
ఫోన్లో బొమ్మతో పోల్చుకున్నాడనుకుంటా.
ఏమీ అనలేదు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు,
ఒక నోటు తడిసి ఉంది, ఎడ్ల వాసన.

వెయ్యి కిలోమీటర్లకి రమ్మన్నాను, బోల్టులు బిగించాలి.
అప్పటికి స్ప్రింగు ఒక వేలెడు కుంగుతుంది, కంగారుపడకు.
ఎవర్ని మోస్తోందో దానికీ తెలియాలి.

మేకని మర్చిపోయి వెళ్లారు.
షెడ్డు వెనక పాత పట్టీలెక్కి నిలబడింది,
అక్కడ్నుంచి అంతా కనిపిస్తున్నట్టు.