రెండు గీతలు

గురువారం మధ్యాహ్నం. నిజ్వా ఆసుపత్రి, మూడో అంతస్తు.
ఖబూలీ అన్నం తిన్న నిద్రకళ్ళతో పదకొండుమంది:
ఎముకలవాళ్ళు, మత్తువాళ్ళు, చర్మంవాళ్ళు,
జన్యుశాస్త్రం పరీక్షకి తప్ప అక్కర్లేనివాళ్ళు.

"సిమెంటుకట్టు వేసేవాడికి జీన్స్ ఎందుకు, డాక్టర్?"
ఖల్ఫాన్. ఫోను బోర్లించకుండానే.
"ఇరవై రెండేళ్ళ కుర్రాడు. తుంటి నొప్పి.
ఎక్స్‌రేలో ఎముక బంతి చితికిపోయి ఉంది. ఏమడుగుతావ్?"
"ఎక్కడ పడ్డావని."
"పడలేదు."
కాసేపు ఏసీ ఒక్కటే మాట్లాడింది.
వెనక బెంచీలోంచి జువైనా, మత్తు విభాగం, మెల్లగా:
"సికిల్."

బోర్డు మీద గీశాను.
చదరం మగవాడు, సున్నా ఆడమనిషి
(ఈ గుర్తులు నేను పెట్టలేదు).
నల్లగా నింపితే జబ్బు, సగం నింపితే మోసేవాళ్ళు,
అడ్డంగా కొట్టేస్తే, లేరు.
పెళ్ళికి ఒక గీత. రక్తసంబంధమైతే రెండు.
"ఇప్పుడు మీ మీ ఇళ్ళు గీయండి."
మందుల చీటీల వెనక పదకొండు వంశాలు.
ఏడింటిలో రెండేసి గీతలు.

"నా భార్య మా బాబాయి కూతురు,"
అన్నాడు ఖల్ఫాన్, సవాలుగా.
"మా భాషలో ఆమె నీకు చెల్లెలవుతుంది."
గదికి నిద్ర వదిలింది.
"మరి మీ ఇంట్లో?"
గీశాను. మా అమ్మ.
ఆమెను చేసుకున్న ఆమె మేనమామ.
కింద నేను. నా పక్కన
అడ్డంగా కొట్టేసిన చిన్న చదరం.
"తల్లి సొంత తమ్ముడా!"
ఎవరో అస్తగ్‌ఫిరుల్లా అన్నారు.
నవ్వాను. కాస్త ఆగి వాళ్ళూ నవ్వారు.
మీకు పాపమైంది మాకు వరస,
మీకు వరసైంది మాకు పాపం.
లెక్కకొస్తే మీది పదహారింట ఒకటి, మాది ఎనిమిదింట ఒకటి.
జన్యువుకి వావీ లేదు, వరసా లేదు.

చిన్న చదరం సంగతి ఎవరూ అడగలేదు.
జువైనా మాత్రం దాన్నే చూస్తూ అంది:
"మా ఫలజ్ కూడా అంతే, డాక్టర్.
కొండ కింద ఎంతదూరం పారుతుందో,
ఎవరి తోటలో పైకొస్తుందో."
నా స్లైడ్లలో లేని మాట. రాసుకున్నాను.

చివర్న చెప్పాను:
నిలబడి అడగొద్దు. తలుపు పట్టుకుని అడగొద్దు.
కుర్చీ లాక్కోండి. ముందు పేర్లు అడగండి.
"మీ వల్లే" అనే మాట నాలిక దాకా వస్తే
మంచినీళ్ళు తాగండి.

అందరూ వెళ్ళాక గంగరాజం తడిగుడ్డతో వచ్చాడు.
జగిత్యాల. తొమ్మిదేళ్ళయింది ఇక్కడికొచ్చి.
"గిదేంది మేడం, ఇంటి ప్లానా?"
"చుట్టాల పటం. రెండు గీతలుంటే మేనరికం."
"గట్లనా. మాది గూడ గంతే.
మా మేనత్త బిడ్డనే చేసుకున్న."
గుడ్డ ఆగలేదు. ఖల్ఫాన్ వాళ్ళు పోయారు,
మా అమ్మ సగం పోయింది.

పిల్లలెంతమంది అని అడగబోయాను.
బ్యాగు భుజాన ఉంది. చెయ్యి తలుపు మీద.

వెనక్కి వచ్చి రెండు కుర్చీలు లాగాను.
"కూసో, గంగరాజం.
మీ ఆమె పేరేంది?"