ముసాయిదా

ప్రతి పేజీ మీద ఏటవాలుగ, బూడిద రంగుల,
నీళ్లల్ల మునిగిన అక్షరాల లెక్క:
ముసాయిదా. ప్రమాణంగా వాడరాదు.

కొత్తవాడ సొసైటీల లెక్కలు రాసేటోణ్ణి,
ఇంగ్లీషు చదవొస్తది గనుక
జంపఖానాల ప్రమాణం నా టేబులెక్కింది.
అంగుళానికి ఇన్ని పడుగు పోగులు, ఇన్ని పేక పోగులు,
మూడు ఉతుకులకు రంగు ఇంతకన్న దిగొద్దు.
నాలుగో పేజీల బ్రాకెట్ల నడుమ ఒక జాగ ఖాళీ:
బరువు, తర్వాత తేల్చాలె.
నా మనసు ఆ ఖాళీ మీదనే పడ్డది.
పెద్ద సార్లకు గూడ
తెలవదని రాసుకునే జాగ ఒకటున్నదన్నట్టు.

రాపోలు ఓదెమ్మ మగ్గం గుంతలకెళ్లి లేవకుండనే ఇన్నది.
ఆమెకు ప్రమాణమంటే
ఐనోలు మల్లన్న మీద చెయ్యేసి చేసేది.
“మరి ముసాయిదా ప్రమాణమంటే
చెయ్యి లేపి, ఇంక ఆనియ్యకుండ ఆగుడా?”
అంతకన్న మంచి నిర్వచనం
మూడో నిబంధనల లేదు.

“వానకాలం నూలు ఉబ్బుతది, ఎండకాలం తెగుతది.
పోగులు ఏ నెలల లెక్కవెట్టాల్నో రాసిన్రా?”
రాయలే.
అరవై దినాల గడువుల పదకొండో దినం
ఆమె మాటను ఐదో నిబంధన కింద ఎక్కిచ్చిన.
వ్యాఖ్య రకమనే గడిల ‘సాంకేతికం’ అని పెట్టిన.
ముప్పై రెండేండ్లు పంజా కొట్టిన చెయ్యికి
ఆ మాట తనదేనని ఎవలూ చెప్పలే.

గంతల్నే హన్మకొండ గోదాముకెళ్లి
నూట నలభై జంపఖానాలు వాపసొచ్చినయ్.
“ప్రమాణం ప్రకారం పోగులు తక్కువ.”
ఏ ప్రమాణం సారూ?
సొరుగుల నుంచి తీసిండు.
బూడిద రంగు మాట మీద బొటనవేలు పెట్టి
పక్కపొంటి అంకె చూపెట్టిండు.

సారూ, జరంత బొటనవేలు జరుపుండ్రి.

దీనికి నంబరున్నది, పేరింక పెట్టలే.
దీన్ని వట్టుకొని మా సరుకు కాదనుడంటే
పెండ్లిచూపులకొచ్చినోడు
అత్తగారింట్ల అలిగి పన్నట్టే.

“రేపు ఇదే అయితది గద,” అన్నడు.
కావచ్చు. కాకపోవచ్చు గూడ.
ఆ రెంటి నడుమనే సారూ
మా అరవై దినాలు.

తీసుకోలే.

ఏడు నెలలకు రెండో ముసాయిదా వచ్చింది.
ఇంతకుముందుది దీంతోని రద్దు, అని మొదటి వరుస.
రద్దయినదాని మీద గోదాము సారు రాసిన చీటీ
ఇప్పుడు దేని మీద నిలబడ్డదో
అడిగేటందుకు పోతే బదిలీ మీద పోయిండన్నరు.

ఐదో నిబంధనల కొత్త వాక్యం ఉన్నది:
నూలును ఒక దినం ఒకే తేమల ఉంచి లెక్కించవలెను.
ఆమె పేరు లేదు. వేటికీ పేర్లుండవు.
పోగుల అంకె మారలే.
బరువు ఖాళీ ఖాళీగనే ఉన్నది.
గోడ పొంటి నూట నలభై, మడతలు మడతలే;
ఎలుకలకు ముసాయిదా లేదు,
అవి నేరుగా అమల్లకే వస్తయ్.

చదివి వినిపిస్తే ఓదెమ్మ నాడె ఆపలే.
“ఖాయమైందా?”
కాలే.
“మల్ల అరవై దినాలా?”
అవును.
“అయితే బరువు సంగతి సాయంత్రం చెప్త, రాద్దువు.
ఇప్పుడు కండెలు ఒడిసినయ్,
చేతులు ఖాళీగుంటే నాలుగు చుట్టు.”