శేషం సున్నా

పొద్దున ఊరి పిల్లలందర్నీ పసుపు బస్సులో పోగేసి
బడి గుమ్మంలో దింపేది నేనే.
నలభై రెండు తలలు. ఒకటి నా కడుపున పుట్టింది.
మూడున్నరకి మళ్ళీ ఎక్కించుకుంటాను.
ఆ మధ్యలో ఏం జరుగుతుందో
నాకూ అద్దంలో కనిపించినంతే తెలుసు.

బడి మీద నాకు కోపం లేదు.
ప్రూయిట్ టీచరు సుద్దముక్కలు తన జీతంతో కొంటుంది.
గదిలో ముప్పై ఒక్కమంది.
గోడమీది పటంలో
ఇప్పుడు లేని దేశమొకటి ఇంకా ఎర్రగానే ఉంది.
ఆవిడ చెప్పగలిగినంత చెబుతుంది.
మిగిలింది రాత్రి నా వంటింటి బల్లమీదికి వస్తుంది,
గిన్నెలు కడిగాక, తుడిచిన తడి ఆరకముందే.

మా డెల్మర్‌ది ఒహాయో నది మీద
బొగ్గు బార్జీలు తోసే ఓడలో పని.
ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళలో,
పద్నాలుగు ఇంట్లో.
మావాడు ఆర్లిన్‌కి తొమ్మిదేళ్ళు.
భాగహారం అంటే కడుపునొప్పి.

ఒకరాత్రి నది పటం బల్లమీద పరిచాను.
మూలలకి ఉప్పుసీసా, మిరియాలసీసా, కెచప్, నా బస్సు తాళాలు.
డెల్మర్ చొక్కాదే ఒక బొత్తాం పెట్టి
ఇదుగో నాన్న, కైరోలో, అన్నాను.
"ఈజిప్టులోనా?"
కాదురా, ఇల్లినాయ్‌లో. మనవాళ్ళు కేరో అంటారు.
"మరి అలా ఎందుకు రాశారు?"
ఆ రాత్రి భాగహారం
పిరమిడ్ల దగ్గరే నిద్రపోయింది.

మర్నాడు: కైరో నుంచి ఇంటికి ఏడువందల ఇరవై మైళ్ళు,
ఎదురు నీటిలో గంటకి ఐదు.
నాలిక బయటపెట్టి రాశాడు.
నూట నలభై నాలుగు గంటలు.
ఇరవై నాలుగుతో భాగిస్తే ఆరు రోజులు.
శేషం సున్నా.
"అమ్మా, ఏమీ మిగల్లేదు!"
కుర్చీ ఎక్కి అరిచాడు.
పక్కింటి కుక్క కూడా మొరిగింది.

రోజుకింత అని బొత్తాం జరుపుతూ వచ్చాడు.
నాలుగో రోజు పొగమంచు దిగింది.
లాకు దగ్గర తన ముందు తొమ్మిది ఓడలున్నాయని
డెల్మర్ ఫోను చేశాడు.
బొత్తాం అక్కడే ఆగింది.
ఆరో రోజు సాయంత్రం వాడు మెట్లమీద కూర్చున్నాడు,
కోటు కూడా వేసుకోకుండా.

"లెక్క తప్పా?"
లెక్క ఒప్పే.
"మరి నాన్న తప్పా?"
పన్నెండో తరగతితో ఆగిన చదువు నాది.
జవాబు దొరక్క నిఘంటువు తెచ్చి
'అంచనా' అన్న మాట వెతికించాను.
అర్థం చదివి
బాలేదన్నాడు.

ఏడో రోజు బడిలో పరీక్ష:
ఒక రైలు ఎన్ని గంటల్లో ఊరు చేరుతుంది?
వాడు రాసింది: నాలుగు గంటలు. మంచు లేకపోతే.
'మంచు లేకపోతే' కింద ఎర్రగీత, పక్కన ప్రశ్నార్థకం.
మార్కు మాత్రం తీసేయలేదు.
పిల్లలు ఎక్కుతుంటే ప్రూయిట్ టీచరు
బస్సు తలుపు దాకా వచ్చి
ఏదో అడగబోయి, మానేసి, చెయ్యి ఊపింది.

ఎనిమిదో రాత్రి తలుపు చప్పుడు.
డీజిల్ వాసన, తడి బూట్లు, పెరిగిన గడ్డం.
పిల్లాడు ఎప్పుడో పడుకున్నాడు.
డెల్మర్ బల్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.
లాకు దగ్గర ఆగిపోయిన తన బొత్తాం చూసుకుని
ఇంటిదాకా తోద్దామని వేలు పెట్టాడు.

మణికట్టు పట్టుకున్నాను.
ఉండనీ.
పొద్దున వాడు జరుపుతాడు.