లస్కరు కూతురు

మా నాన్న నరసాపురం కాలవ మీద లస్కరు.
లాకు తలుపులు తియ్యడం, వెయ్యడం.
ధాన్యం పడవొచ్చి రాతిగోడల మధ్య ఆగేది.
వెనక తలుపు మూసి, ముందు తలుపు తియ్యకుండా
నాన్న చక్రం తిప్పేవాడు, నోట్లో బీడీ ఆరకుండా.
నీళ్ళు మెల్లగా లోపలికొచ్చేవి.
పడవనెవరూ ఎత్తేవారు కాదు.
కాసేపాగి చూస్తే
పైకాలవ నీళ్ళు దాని అంచుకి సమంగా ఉండేవి.

ఇప్పుడా లాకు నిండా గుర్రపుడెక్క.
నేను పాలిటెక్నిక్ ఆఫీసులో, రెండో కిటికీ దగ్గర.

జూన్ వెళ్ళి జూలై వస్తుంటే
మూడేళ్ళ డిప్లొమా చేత్తో పట్టుకుని వస్తారు,
ఇంజనీరింగు రెండో ఏడులో ఎక్కాల్సినవాళ్ళు.
లేటరల్ ఎంట్రీ అంటారు దీన్ని.
పక్కనుంచి లోపలికి రావడం.
ఈసెట్ ర్యాంకు కాయితం నాలుగు మడతలు,
చొక్కా జేబులో చెమటకి మెత్తబడి.
లెక్కల దగ్గర ఆగిపోరు వీళ్ళు.
ఒక అక్షరం దగ్గర ఆగిపోతారు.

తిరుమాని వీరరాఘవులుకి
పదో తరగతి మెమోలో ఇంగ్లీషు 'ఏ' ఒకటి,
ఆధార్‌లో రెండు.
ఆ ఎక్కువైన 'ఏ' కోసం
సఖినేటిపల్లి రేవులో మూడుసార్లు పంటెక్కాడు.
"ఈ సారు లేరు, ఆ సారు భోజనానికెళ్ళారు."
నాలుగోసారి నేనే వెళ్ళాను,
సెలవు పెట్టి, కేరేజీ కట్టుకుని.
ఆ సారు భోజనం చేసొచ్చేదాకా
ఆయన బల్ల ముందే కూర్చుని నాది తిన్నాను.

మరుసటేడు కడలి నాగవేణి.
రొయ్యల చెరువుల మీద ఏరేటర్ మోటార్లకి తీగ చుట్టేది.
నెలకి పన్నెండువేలు ఇస్తామన్నారు,
సెల్లు కూడా కొనిస్తామన్నారు.
చదువు చాలని ఇంట్లో ఎవరూ అనలేదు.
"ఏమీ అనకపోవడమే కష్టంగా ఉందండి మేడం," అంది.
నాకేం చెప్పాలో తెలీక
ఆదాయం సర్టిఫికెట్ తెచ్చావా అనడిగాను.
ఆ రాత్రి కరెంటు పోతే
జెరాక్స్ షాపు గంగరాజు ఇన్వర్టరు మీద
పద్దెనిమిది కాలేజీలు వరసగా పెట్టాం,
దోమల్ని కొట్టుకుంటూ, కాకినాడ మొదట.

సెప్టెంబరులో ఫోను చేసింది.
"వీళ్ళంతా ఏడాది ముందే కలిసిపోయారు మేడం.
బంతులు లేచాక వచ్చిన చుట్టంలా ఉన్నాను.
మొదటేడు లెక్కలు అందరికీ వచ్చనుకుని
సారు ముందుకెళ్ళిపోతున్నారు."
నాకు లెక్కలు రావు.
వీరరాఘవులికి చెప్పాను.
ఆర్టీసీ పార్సిల్లో వాడి నోటుపుస్తకం వెళ్ళింది.
పదకొండో పేజీ పక్కన పెన్సిలుతో ఉందట:
"ఇది నాకూ అర్థం కాలేదు. వదిలేసి ముందుకెళ్ళండి.
ఇరవయ్యో పేజీలో అదే తెలుస్తుంది."

ఇవన్నీ చెప్పి ఓలేటి ప్రభుదాసు సంగతి దాస్తే
నాన్న నాతో మాట్లాడడు.
ఆప్షన్లు పెట్టాడు, ఫ్రీజ్ చెయ్యలేదు.
ఆఖరి తారీఖు రేపనుకుని ఇంటికి పంపేశాను.
ఆఖరి తారీఖు ఆ వేళే.

ఒకసారి నాన్న చేతిలో చక్రం జారి
పడవ ముక్కు గోడకి కొట్టుకుంది.
నాలుగు బస్తాలు తడిశాయి.
"పర్వాలేదు లస్కరు గారూ," అన్నాడు పడవాయన.
నాన్న ఆ రాత్రి కంచం ముందు నుంచి లేచిపోయాడు.

ప్రభుదాసు ఇప్పుడు పాలకొల్లు రైసుమిల్లులో
బెల్టులు మారుస్తాడు.
బజార్లో కనిపిస్తే బండాపి
"పర్లేదండి మేడం," అంటాడు,
నేనేమీ అడక్కుండానే.

మొన్న సోమవారం కిటికీ ముందు వాడే.
వెనక వాళ్ళ చెల్లెలు,
ప్లాస్టిక్ కవర్లో కాయితాలు.
వాడు నవ్వలేదు, కోపమూ లేదు.
"ఆఖరి తారీఖెప్పుడో కాయితం మీద రాసివ్వండి మేడం."
రాశాను. ఎర్ర పెన్నుతో.
గంట కూడా వేశాను, సాయంత్రం ఆరు అని.
వాడు చదివి, చెల్లెలికిచ్చి చదివించి,
మళ్ళీ తనే తీసుకుని చదివాడు.